మావోని సైకిల్ ఇచ్చొద్దామని పోతే

పోస్టు కొంచెం పెద్దదే. ఇందులో సైకిళ్ళు, కొండలు, కోటలు ఎక్కువ ఉంటయి. కానీ అసలు సంగతి ఒక పరీక్ష ఫీజు. ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

మేము నలుగురం. గద్వాలలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. నలుగురి ఇండ్లల్లనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ముగ్గురి అమ్మానాన్నలు ఖిల్లా ఘనపూర్ దిక్కు తండాల నుంచి సీడుపత్తి పనికి మల్దకల్ వచ్చి ఇక్కడ్నే నిలబడ్డోళ్ళు. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న మా నడిగడ్డల సీడుపత్తి పెద్ద పంట. మధ్యాహ్నం మొగ్గలు వలిచి లోపలి కేసరాలు తీసెయ్యాలె, తెల్లారి మగపూలు తెంపుకొచ్చి అద్దాలె. దాన్నే క్రాసింగ్ అంటరు. పుస్తకం పట్టుడు కంటే ముందు మా వేళ్ళకు ఆ పనే వచ్చింది. నాలుగోవాడు మాత్రం ఘనపూర్ కొండల కింది తండా నుంచి వచ్చినోడు. వాడిని ఈ పోస్టుల మావోడు అనే అంటం, పేరు రాయొద్దన్నడు.

దసరాకు ఇంటికి పోయినోడు దీపావళి దాటినా హాస్టల్‌కు రాలే. ఫోన్ బంద్. హాస్టల్ గోడకు ఆనించిన వాని సైకిల్ గొలుసుకు తుప్పు పట్టింది. పరీక్ష ఫీజు కట్టడానికి ఇంక పది రోజులే ఉంది. మల్దకల్‌ల మా చుట్టాల నోట ఒక మాట విన్నం. వాళ్ళ నాయన గుంపు మేస్త్రీ దగ్గర నలభై వేలు అడ్వాన్స్ తీసుకున్నడట. రెండు తలకాయలకు. ఒకటి ఆయనది, రెండోది మావోనిది. పూణే దిక్కు బిల్డింగ్ పని. పాలమూరు కూలి అంటే దేశమంతా తెలిసిన మాటే గదా. డ్యాములు, కాలువలు ఎక్కడ తవ్వినా మనోళ్ళు ఉన్నరు.

బస్సుకే పోవచ్చు. కానీ సైకిల్ వానిది, వానికి చేర్చాలె. పైగా ఈ తొవ్వ సైకిళ్ళ మీద పోవాలని ఏడాది నుంచి నలుగురం అనుకుంటనే ఉన్నం. లెక్క గీసింది వాడే. గద్వాల కోట, జూరాల డ్యామ్, ఆత్మకూరు, కొత్తకోట, చివరికి ఘనపూర్ ఖిల్లా. అటూ ఇటూగా నూరు కిలోమీటర్లు.

శనివారం తెల్లారకముందే మల్దకల్ తిమ్మప్ప గుడి ముందు నుంచి రెండు సైకిళ్ళ మీద ముగ్గురం బయలుదేరినం. మా అమ్మలు జొన్న బాటీలు, మిరపకారం మూటగట్టి ఇచ్చిండ్రు. గద్వాలల వాని సైకిల్‌కు నూనె పోసి, గాలి కొట్టి తీసుకున్నం. మూడు సైకిళ్ళూ రాడ్ బ్రేకుల పాత బండ్లే. గేర్లు లేవు. వానిది అట్లాస్. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్‌ల ఆ కంపెనీ ఫ్యాక్టరీ మూతబడ్డది. అందుకే "నా బండి విడిభాగాలు ఇంక పాత సామాన్ల కొట్టులనే" అని వాడు నవ్వేటోడు.

గద్వాల కోట గోడ పక్క నుంచి పోతుంటే ఒక ముచ్చట మాట్లాడుకున్నం. ఇది సోమనాద్రి కట్టించిన కోట. లోపల చెన్నకేశవుని గుడి ఉంది, దాంతోపాటు డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజా ప్యాలెస్‌ల పాలిటెక్నిక్ నడుస్తది. బయటి నుంచి వచ్చేటోళ్ళు కోటను ఫోటో తీసుకుని పోతరు. మా కాడ కోట అంటే తరగతి గది, హాజరు పట్టీ, ఫీజు కౌంటర్. మన తాతలు ఏ దర్వాజ ముందు తలపాగా తీసి నిలబడిండ్రో ఆ దర్వాజల నుంచి ఇయ్యాల పోరగాళ్ళు పుస్తకాలు పట్టుకుని లోపలికి పోతున్నరు. మావోడు లోపలికి వచ్చినోడు, మళ్ళీ బయటికి పోయిండు. ఆ మాట అనుకున్నంక చాలాసేపు ఎవరం మాట్లాడలే.

1995ల పూర్తయిన జూరాల డ్యామ్ మీద నుంచి కృష్ణ దాటినం. ఒక దిక్కు కండ్లకు ఆనినంత నీళ్ళు, ఇంకో దిక్కు బండరాళ్ళు. ఎదురుగాలి ఎంత గట్టిదంటే దిగి నడిచినం. అమరచింత సంస్థానానికి రాజధానిగా ఉండిన ఆత్మకూరుల చాయ్ తాగి, పొద్దుగూకేటప్పటికి కొత్తకోట చేరినం. ఆ రాత్రి చుట్టాలింట్ల పన్నం. పొద్దుగాల 44వ నెంబర్ జాతీయ రహదారి దాటినంక నేల తీరు మారింది. తారు పోయి మొరం వచ్చింది, చదును పోయి ఎత్తుపల్లం వచ్చింది.

మొరం మీద గేరు లేని సైకిల్ తొక్కుడు ఎట్లనో మాకు అప్పుడు తెలిసింది. ఎక్కుడుల నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతది. కూర్చుని తొక్కితే మోకాళ్ళు లాగుతయి. సిగ్గుపడకుండా దిగి నూకుడే మంచిది. దిగుడుల ముందు బ్రేకు ఒక్కటే పడితే మనిషి తలకిందులే. పిరుదులు సీటు వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టాలె. తుమ్మ ముండ్లకు మూడు పంచర్లు పడ్డయి. ప్యాచీలు, సొల్యూషన్, పంపు లేకుండా ఎవరూ ఇటు రాకండి.

ఘనపూర్ ఖిల్లా దూరం నుంచే కనబడ్డది. రెండు కొండలను కలుపుతూ రాతిగోడ పోతది. 13వ శతాబ్దంల కాకతీయుల సామంతుడు గోన గణపరెడ్డి కట్టించిండని చెప్తరు. కాకతి గణపతిదేవుని పేరు మీదనే ఊరికి ఆ పేరు వచ్చింది. కింద గణపసముద్రం చెరువు. కొండ చుట్టూ సీతాఫలం పొదలు, ఆ పొదల నడుమ మేకల బాటలు. మావోడు పుట్టి పెరిగింది ఆ బాటల మీదనే.

వాడు మాకు తండాల దొరకలే, బాట మీదనే దొరికిండు. మేకల ఎనక ఉన్నడు. మమ్మల్ని చూసి ముందు మా ముఖాలు చూడలే, వాని సైకిల్ చూసిండు. "గొలుసుకు నూనె పోసిండ్రా?" అన్నడు. అంతే. అడగాలనుకున్నవన్నీ మా గొంతుల్లనే ఉండిపోయినయి.

అప్పుడే హైదరాబాద్ నుంచి వచ్చిన నలుగురు సైకిళ్ళోళ్ళు తొవ్వ తప్పి అటు వచ్చిండ్రు. హెల్మెట్లు, చేతులకు గ్లౌజులు, లావు టైర్లు, ముందర స్ప్రింగుల ఫోర్కు, డిస్క్ బ్రేకులు. ఫోన్‌ల మ్యాపు పెట్టుకుని కొండ చుట్టూ తిరిగే ట్రెయిల్ యాడ అని అడిగిండ్రు. మావోడు నవ్విండు. "ట్రెయిల్ అంటే మేకల బాటేనా అన్నా? రండి" అని అట్లాస్ ఎక్కి ముందు పోయిండు. గుండ్ల నడుమ, ఏ రాయి కాడ బ్రేకు పట్టాలె, యాడ వదలాలె అని అరుస్తూ దిగిండు. ఎనక వచ్చేటోళ్ళు రెండుసార్లు కాళ్ళు కింద పెట్టిండ్రు, వాడు ఒక్కసారి కూడా పెట్టలే.

వాళ్ళు మంచోళ్ళే. మమ్మల్ని కూడా వాళ్ళ సైకిళ్ళు తొక్కనిచ్చిండ్రు. ముందర చిన్న పండ్ల చక్రం, వెనక పెద్ద పండ్ల చక్రం పడంగనే ఎక్కుడు ఎట్ల మెత్తబడ్డదో! కాలు ఎక్కువసార్లు తిరుగుతది, బరువు మాత్రం తెలియదు. మాలో ఒకడు ధర అడిగిండు. ఎనభై వేలు అన్నరు. మావోడు మాకు మాత్రమే వినబడేటట్టు "మా ఇంటి అడ్వాన్స్‌కు రెండింతలు" అన్నడు. కోపంతోని అనలే. లెక్క చెప్పినట్టు చెప్పిండు.

తర్వాత ఫోన్‌ల చదివితే తెలిసింది, ఈ ఆట మొదలైందే పాత సైకిళ్ళతోని. 1970లల్ల అమెరికా కాలిఫోర్నియాల టమల్పాయిస్ అనే కొండ ఉంది. పోరగాళ్ళు 1930, 40ల నాటి బరువు సైకిళ్ళు తుక్కుల నుంచి తీసుకుని ఆ కొండ మీద నుంచి దిగేటోళ్ళట. బ్రేకు హబ్‌ల గ్రీజు కాలి పొగ వచ్చేది, కిందికి వచ్చినంక మళ్ళీ గ్రీజు కూరాలె. అందుకే ఆ తొవ్వకు రీప్యాక్ అని పేరు పెట్టిండ్రు. 1976 అక్టోబర్ 21న అక్కడ మొదటి పోటీ, 1996ల అట్లాంటా ఒలింపిక్స్‌ల పతకం. ఆ కొండ పేరు కూడా అక్కడి ఆదివాసీలైన కోస్ట్ మివోక్‌ల భాష నుంచి వచ్చిందే. ఇది చదివి మావోడు "అయితే నా అట్లాస్ అసలైన బండే" అన్నడు.

ఇంక ఇంటి ముచ్చట. సాయంత్రం వాకిట్ల కూర్చున్నం. వాళ్ళ నాయన మా ముఖాలు చూడలే. "అడ్వాన్స్ తిన్నం బేటా, అప్పులు కట్టినం. మనిషి పోవాలె గదా" అన్నడు. తప్పు మాట కాదు. "కాకా, పరీక్షలైనంక పంపు" అన్నం. "మేస్త్రీ పరీక్షలు చూస్తడా?" అన్నడు. వాళ్ళ నాయనమ్మ మంచంల నుంచి పాత ముచ్చట ఎత్తింది. మనోళ్ళు లదేణి కట్టి ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిండ్రు, దక్కన్ కోటల సైన్యాలు తిన్నది మనోళ్ళు మోసిన తిండే. రైలొచ్చింది, లదేణి పోయింది. "అప్పుడు ఎద్దులు మోసినయి, ఇప్పుడు పిల్లలు మోస్తున్నరు" అన్నది. లదేణి పోయిన కాలంలనే, 1871ల, తెల్లోళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చి కాలక్రమంల మనోళ్ళను కూడా అందుల రాసిండ్రని మేము చదివినం. 1976 చట్టం వచ్చేదాకా తెలంగాణల మన లంబాడీలు ఎస్టీ జాబితాలనే లేరు. ఇయ్యాల మేము హాస్టల్‌ల తినే బువ్వ ఆ జాబితా నుంచి వచ్చిందే. చదివిన సంగతులన్నీ ఆ వాకిట్ల పనికిరాలే. నలభై వేలకు జవాబు చరిత్రల లేదు.

జవాబు వాళ్ళ యాడి చెప్పింది. పొయ్యి కాడి నుంచి లేవకుండనే, "రెండు తలకాయలే గదా కావాల్సింది. నేను పోత" అన్నది. ఎవరూ మాట్లాడలే. మావోడు లేచి కొండ దిక్కు పోయిండు. చీకటి పడ్డంక వచ్చిండు, కండ్లు ఎర్రగున్నయి.

తెల్లారి నలుగురం తిరిగి బయలుదేరినం. వాడు వాని సైకిల్ మీద, మేము రెండు సైకిళ్ళ మీద ముగ్గురం వంతులు మార్చుకుంటూ. యాడి సీతాఫలాలు ఇచ్చింది, ఈ కాలానికి అవే చివరివి. వచ్చేటప్పుడు జూరాల మీద గాలి మా దిక్కే ఉండె. అయినా ఎవరం సంబురపడలే. ఫీజు మేము క్రాసింగ్ కూలీ పైసలతోని, హాస్టల్ తమ్ముళ్ళు తలా ఇంత వేసిన పైసలతోని ఆఖరి రోజు కట్టినం. కార్తీకం పోంగనే వాళ్ళ నాయన, యాడి పూణే పోయిండ్రు. మేకలు చిన్నాయన చూస్తున్నడు. మావోడు రోజూ రాత్రి కోట గోడ కాడికి పోయి యాడికి ఫోన్ చేస్తడు. "ఇటుకలు ఎన్ని మోసినవ్?" అని వాడు అడగడు, ఆమె చెప్పదు. "ఏం చదివినవ్?" అని మాత్రం ఆమె అడుగుతది. వాడు పాఠం పేరు చెప్తడు.

మేము వాడిని కాపాడినమని రాయలేం. మేం ఒకరిని తెచ్చినం, వాని తావుల ఇంకొకరు పోయిండ్రు. కానీ పోకుంటే ఇది కూడా తెలిసేది కాదు. అందుకే గ్రూపుల అందరికీ ఒక్కటే మాట. మీ హాస్టల్‌ల ఎవరైనా పండుగకు పోయి తిరిగి రాకపోతే ఫోన్ చేసి ఊరుకోకండి. బస్సో, సైకిలో, ఏదో ఒకటి పట్టుకుని పోండి. ఫీజు తారీఖు దాటకముందే పోండి. ఇంట్ల పెద్దోళ్ళతోని కూర్చోండి. లెక్క తేలకపోయినా ఎవరి తలకాయ మీద ఎంత బరువుందో తెలుస్తది.

ఉగాదికి వస్తమని యాడి చెప్పింది. ఆ దినం నలుగురం మళ్ళీ ఘనపూర్ పోతం. ఈసారి సైకిళ్ళు నాలుగు ఉండాలని పాత సామాన్ల కొట్టుల ఇంకోటి చూసి పెట్టినం. ముందు చక్రం వంకర, బాగు చేయించాలె.