మన భాషకు విశేషణాలు లేవా?

మార్కాపురం పలకనే తీసుకోండి. వెలిగండ్లలోనైనా ఇంకెక్కడైనా మనం అనేది నల్ల పలక, నల్ల పలకలు, నల్ల పలకకు. పలక మారుతుంది గానీ ‘నల్ల’ మారదు. కెల్టిక్ భాష అయిన పాత ఐరిష్‌లో అయితే విశేషణం కూడా నామంతోపాటు లింగం, వచనం, విభక్తి మార్చుకుంటుంది. అందుకే మూల కెల్టిక్‌ను పునర్నిర్మించేవాళ్లు విశేషణాల ప్రత్యయాలను కూడా వెతకాల్సి వస్తుంది. మూల ద్రావిడానికి ఆ అవసరం లేదు.

అంతమాత్రాన మనకు విశేషణాలే లేవా? అవి గుణాన్ని చెప్పే నామాలేనని 1856లో భాషావేత్త కాల్డ్వెల్ వాదించాడు. నామమైతే ఒంటరిగా నిలబడి విభక్తి తీసుకోవాలి కదా! చెంగలువలో ‘ఎర్ర’ అని అర్థమిచ్చే ‘చెం’ అలా నిలబడదు. తమిళ ‘చెందామరై’, కన్నడ ‘కెందావరె’ల్లోని దాని తోబుట్టువులూ అంతే. మరి ‘నల్లది’, ‘నల్లవి’ మారాయిగా అంటారేమో. అక్కడ ప్రత్యయం చేరి నామమైంది, ‘నల్ల’ మాత్రం చెక్కుచెదరలేదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003 నాటి తన ద్రావిడ భాషల గ్రంథంలో విశేషణాన్ని విడి వర్గంగానే నిలబెట్టారు. సాక్ష్యం ఆయన వైపే ఉందని నా నమ్మకం.