ఆసనం శాలలో, యమం ఇంట్లో

మైసూరు గోకులంలో ఇంకా చీకటి విడవకముందే వీధుల్లో అలికిడి మొదలవుతుంది. రష్యా నుంచి, బ్రెజిల్ నుంచి, జపాన్ నుంచి వచ్చినవాళ్ళు చుట్టిన చాపలు భుజాన వేసుకుని యోగశాలలకు నడుస్తుంటారు. మా పిన్నిది ఆ పేటే. మేడమీద గది ఏళ్ళ తరబడి ఇలాంటివాళ్ళకే అద్దెకిస్తోంది. అక్కడికి వెళ్ళి ఉన్నప్పుడల్లా వాళ్ళని చూస్తూ వచ్చాను. యోగం కోసం దేశం దాటి వచ్చినవాళ్ళకు సగం చదువు శాలలో దొరికితే, మిగతా సగం దిగిన ఇంట్లో దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

మైసూరు యోగం కథ చూసినా అదే తెలుస్తుంది. 1933లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రోద్బలంతో తిరుమలై కృష్ణమాచార్యులు జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడపడం మొదలుపెట్టారు. ఆ దశాబ్దం చివర్లో రీగాలో పుట్టిన యూజెనీ పీటర్సన్ అనే ఆవిడ వచ్చి నేర్పమంటే ఆయన మొదట కాదన్నారు. మహారాజు చెప్పాకే ఒప్పుకున్నారు. ఆహారం, నిద్ర, నడవడి అన్నిటికీ కట్టుబాట్లు పెట్టి మరీ నేర్పారు. ఆమే తర్వాత ఇంద్రాదేవి పేరుతో అమెరికాలో యోగం నేర్పింది.

కృష్ణమాచార్యుల శిష్యుడు పట్టాభి జోయిస్ 1948లో తన సంస్థను స్థాపించారు. లక్ష్మీపురంలోని ఆయన ఇల్లే శాల. 1964లో బెల్జియం నుంచి ఆంద్రే వాన్ లిస్‌బెత్ వచ్చి నేర్చుకుని, తన పుస్తకంలో జోయిస్ గురించి రాశాక ఐరోపావాళ్ళ రాక మొదలైంది. ఆ శాల గదిలో పన్నెండు చాపలు పట్టడమే కష్టం. తక్కినవాళ్ళు తమ వంతు కోసం బయట మెట్లమీద కూర్చునేవారు. సాధన ముగిశాక జోయిస్ భార్య సావిత్రమ్మ ఇచ్చిన కాఫీని ఆనాటి శిష్యులు ఇప్పటికీ తలుచుకుంటారు. గురువుగారి ఇంట్లో పూజ ఎలా జరుగుతుందో, మనవలని ఎలా ముద్దుచేస్తారో, వచ్చినవాళ్ళని ఎలా పలకరిస్తారో వాళ్ళు కళ్ళారా చూశారు. 2002లో శాల గోకులంలోని పెద్ద భవనానికి మారింది. వందలమందికి చోటు దొరికింది. కానీ అంతమందీ గురువుగారి వంటింటి గుమ్మం దాకా వెళ్ళలేరు కదా! ఆ ఇంటి చదువు చెప్పే బాధ్యత మా పిన్నిలాంటి గృహిణుల మీద పడింది.

ఇది చిన్న బాధ్యత కాదు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికి ముందు యమం, నియమం ఉన్నాయి. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే అయిదు యమాలూ చాప మీద ఒంటరిగా కూర్చుని అలవరచుకునేవి కావు. మాట పడే మనిషి ఎదురుగా ఉంటేనే అహింసకు పరీక్ష. పంచుకోవలసింది ఉంటేనే అపరిగ్రహానికి అర్థం. ఏ వేళకు ఏది కావాలంటే అది తెచ్చిపెట్టే హోటల్ గదిలో ఈ అవసరమే రాదు.

పిన్ని ఇంట్లో వస్తుంది. కొళాయి నీళ్ళు వచ్చే వేళకే బట్టలుతుక్కోవాలి. ఒక బకెట్టు నీళ్ళతో స్నానం కానివ్వాలి. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. తెల్లవారుజామునే లేచేవాళ్ళు ఇంట్లో ముసలావిడ నిద్ర చెడకుండా మెట్లు దిగాలి. కంచంలో వడ్డించుకున్నది పారేయకూడదు. మొదటి వారం ముఖం ముడుచుకున్న మేడమీది పిల్లలే నెల తిరిగేసరికి, చెప్పకుండానే ముసలావిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేవారు. శాలలో వాళ్ళ వెన్ను ఎంత వంగిందో నాకు తెలియదు, ఇక్కడ మనసు వంగడం మాత్రం చూశాను.

శాలలో విన్న మాటకు ఇల్లే వ్యాఖ్యానం కూడా. వారానికోసారి సాధన మాని ఆముదంతో తలంటుకోమని జోయిస్ శిష్యులకు చెప్పేవారు. ఆముదం జిడ్డు ఎలా వదిలించుకోవాలో పరదేశపు పిల్లకేం తెలుస్తుంది? సీకాయ పొడి ఎంత కలపాలో, తలంటుకున్నాక ఎందుకు ఎండలో తిరగకూడదో పిన్ని దగ్గరుండి చెబుతుంది. పౌర్ణమి, అమావాస్యలకు ఆ సంప్రదాయంలో సాధన ఉండదు. ఆ తిథులు క్యాలెండర్లో ఎలా చూడాలో వాళ్ళు నేర్చుకున్నది పిన్ని వంటింట్లోనే.

ఇంటివాళ్ళకూ దక్కేది ఉంది. త్వరగా పడుకునే ఆ పిల్లల కోసం రాత్రి భోజనం పెందలాడే మొదలై, ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది. పిల్లలు సాధన తప్పకుండా చేయడం చూసి బాబాయి మళ్ళీ పొద్దున్నే నడక మొదలుపెట్టారు.

పరదేశీయులని ఇంట్లో ఉంచుకుంటే చట్టపరమైన పనులు కూడా ఉంటాయి. వాళ్ళు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని వాళ్ళ వివరాలు అధికారులకు దాఖలు చేయాలి. పిన్ని ఆ పని చేశాకే తాళంచెవి చేతికిస్తుంది. ముందే నిక్కచ్చిగా ఉంటే తర్వాత మాట తేడా రాదు.

మైసూరుకే కాదు, అయ్యంగార్ యోగానికి పుణె వెళ్ళినా, బిహార్ ముంగేర్ వెళ్ళినా, మన తెలుగు పిల్లలే నేర్చుకోవడానికి బయల్దేరినా నేను చెప్పేది ఒకటే. వీలైన చోట ఒక కుటుంబం మధ్య ఉండండి. గది ఇచ్చే గృహస్థులకూ ఒక మనవి. న్యాయమైన అద్దె తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. వారానికి ఒక్కపూటైనా ఆ పిల్లలని మీ పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించండి.