కథానిలయంలో ఐదంకెల లెక్క

శ్రీకాకుళం విశాఖ ఎ కాలనీలోని తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి మా మేనకోడలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంటర్ చదువుతోంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో శత్రువుల రహస్య సందేశాలు విప్పిన అమ్మాయిల మీద ఇంగ్లీషులో వచ్చే థ్రిల్లర్లంటే దానికి ప్రాణం. అక్కడ పనిచేసినవాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లే మరి.

"తెలుగులో ఇలాంటివి లేవా అత్తా?" అంది.

గోడలమీది కథకుల ఫొటోలు చూసుకుంటూ లోపలికెళ్లి పాత పత్రికలు తిరగేశాం. మేం చూసినంతలో దొరకలేదు. నాకు బాధేసింది. ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది కదా! 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. ఈ ఊళ్ల నుంచి అక్కడికి కూలికి పోయినవాళ్లు ఎందరో కొండలూ అడవులూ పడి తిరిగొచ్చారు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం విశాఖ జిల్లాలోనివే.

కొలంబో దాడిని అక్కడి బ్రిటిష్ నౌకాదళ కేంద్రం ముందే పసిగట్టింది, కాకపోతే ఏప్రిల్ 1న జరుగుతుందనుకుంది. జపాన్ రేడియో సందేశాలు పట్టే ఆ కేంద్రంలో రెన్స్ అనే మహిళా దళం అమ్మాయిలూ ఉన్నారు.

జపాన్ నౌకాదళ సంకేతం జేఎన్-25 ఎలా నడిచేదో బల్ల దగ్గరే కాగితం మీద వేసి చూపించాను. ప్రతి మాటకూ ఒక ఐదంకెల సంఖ్య. ఓడకి 38025 అనుకుందాం. ఇంకో పుస్తకంలోంచి 47391 తీసి కలుపుతారు. అయితే చేతిలో ఒకటి ఉంచుకోకూడదు, 8కి 7 కలిపితే 5 మాత్రమే రాయాలి. అలా 75316 వస్తుంది. అదే గాలిలోకి పంపుతారు.

"మరి విప్పడమెలా?"

జపాన్ వాళ్ల జాగ్రత్తే వాళ్ల కొంప ముంచింది. పంపడంలో తప్పు దొర్లితే తెలియాలని అసలు సంఖ్యలన్నీ 3తో భాగించబడేలా పెట్టుకున్నారు. కలిపిన సంఖ్య ఏదో విప్పేవాళ్లు ఊహించి, ఒకే సంఖ్య కలిపిన సందేశాలన్నింటిలోంచి దాన్ని తీసి చూస్తారు, మిగిలినవన్నీ 3తో భాగించబడితే ఊహ నిజమయ్యే అవకాశం ఎక్కువ. 38025 అంకెలు కూడి, 18 వచ్చాక మా పిల్ల కళ్లు మెరిశాయి. ఆరో తరగతి లెక్క!

అమెరికాలో ఈ సంకేతం మీద మొదటి దెబ్బ కొట్టినవారిలో ఆగ్నెస్ మేయర్ డ్రిస్కాల్ ఉంది. నౌకాదళంలో చేరకముందు ఆమె లెక్కల టీచరు. 1997లో ఈ కథానిలయం నెలకొల్పిన కాళీపట్నం రామారావు గారూ విశాఖలో లెక్కల మాస్టారే. అక్కడే కూర్చుని ఈ లెక్క చేయడం నాకు ఎంతో నచ్చింది.

1942లోనే మన దేశంలోనూ మహిళా సహాయక దళం ఏర్పడింది, పది వేల మందికి పైగా చేరారు. అలాంటి నవల మేమే రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి? నాయికది కళింగపట్నం కావాలని, రంగూన్‌లో చిక్కుకున్న తండ్రి కోసం ఎదురుచూస్తుండాలని నా పట్టు. మేనకోడలు ఒప్పుకోవడం లేదు. మహారాజా కళాశాల ఉన్న విజయనగరం పిల్లయితే లెక్కలు బాగా వచ్చని చదివేవాళ్లు నమ్ముతారంటోంది.