ఏ గరిటెతో, ఏ ఉప్పు

గుడివాడలో ఆ ఇంటి మేడమీది గదిలో ఒక చిన్న బల్ల. దానిమీద ల్యాప్‌టాప్, పక్కనే చారు గరిటె, అన్నం హస్తం, మూడు సైజుల స్టీలు గిన్నెలు, ఒక టీ గ్లాసు, వంటింటి తూకం మిషను. ఆమె డైటీషియన్. ఆమెతో పనిపడ్డవాళ్లెవరూ ఆ మెట్లెక్కరు. అవనిగడ్డ నుంచీ బందరు నుంచీ అందరూ తెరమీదే వస్తారు. పిల్లలు విదేశాల్లో ఉంటే వాళ్లూ అదే తెరలో ఓ మూల చేరతారు. ఆమె పేరు రాయడం లేదు. చిన్న ఊళ్లలో వైద్యం చేసేవారి పేరు తెలిస్తే రోగుల పేర్లు తెలియడానికి ఎంతోసేపు పట్టదు.

ఆమె ఏం చెబుతుందో వినాలన్న ఆసక్తి కంటే, ఏం రాసుకుంటుందో చూడాలన్న ఆసక్తితోనే వెళ్లాను. దానికి కారణం మా నాన్నగారి ఫైలు. ఆయన కిడ్నీలు దెబ్బతింటున్నాయని తెలిసిన ఏడాది, మేం తిరిగిన ఆసుపత్రి కాగితాల్లో ఏడుసార్లు ఒకటే ముక్క ఉంది: ‘ఆహార సలహా ఇవ్వడమైనది’. ఏం సలహా ఇచ్చారు? నాన్నగారికి చెప్పారా, వండే అమ్మకి చెప్పారా? అమ్మ దాన్ని ఏమని అర్థం చేసుకుంది? ఎనిమిదోసారి కొత్త డాక్టరుగారు అడిగితే కాగితంలో జవాబు దొరకలేదు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఏం వండిందో అమ్మ మళ్లీ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఆ రోజు అమ్మ మొహంలో అలసట నాకింకా గుర్తే.

ఆ ఉదయం మొదటి కాల్ కలవగానే డైటీషియన్ అవతలివారితో అన్న మొదటి మాట నా గురించే. "ఇక్కడ ఇంకొకరు కూర్చున్నారండీ. మన మాటలు విని రాసుకుంటారు, మీ పేరు రాయరు. ఉండమంటారా, బయటికి వెళ్లమంటారా?" అవతలినుంచి ఒక క్షణం ఏమీ వినపడలేదు. "వద్దులెండి" అంది ఒక ఆడగొంతు. నేను లేచి మెట్లమీద కూర్చున్నాను. అరగంట తర్వాత లోపలికి పిలిచి, మిగతా పేజీని అరచేత్తో మూసి, మొదటి వరుస మాత్రం చూపించింది: ‘బయటివారు ఉండడం వద్దన్నారు. పంపేశాను. 10.05’.

కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. దేశమంతా తలుపులు మూసుకున్న రోజు అది. రోగి తనంతట తాను కాల్ చేస్తే ఒప్పుకున్నట్టే లెక్క అని అందులో ఉంది. డాక్టరో, ఆరోగ్య కార్యకర్తో, ఇంట్లోవాళ్లో కాల్ కలిపితే మాత్రం రోగి స్పష్టంగా సరేనని చెప్పాలి, ఆ మాట రికార్డులో ఉండాలి. అవి డాక్టర్లకోసం రాసినవి. డైటీషియన్లని ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించిన చట్టం 2021లో వచ్చింది. డాక్టర్లకి పెట్టిన నియమాన్నే ఈమె తనకీ పెట్టుకుంది.

రెండో కాల్‌లో ఒక రైసు మిల్లు గుమస్తాగారు. షుగరు. ఆయనకి నేనుండడం అభ్యంతరం లేదు.

"రాత్రి అన్నం ఎంత తింటున్నారండీ?"

"కొంచెమేనమ్మా."

ఆమె కలం కదల్లేదు. "తినే గిన్నె ఒకసారి చూపిస్తారా?" ఆయన భార్య గిన్నె తెచ్చి తెర ముందు పెట్టింది. అంచున పేరూ, పెళ్లినాటి తేదీ చెక్కి ఉన్నాయి. "అక్కాయ్, మీ టీ గ్లాసుతో దీన్ని నీళ్లతో నింపండి, ఎన్ని పడతాయో చూద్దాం." మూడున్నర పట్టాయి. అప్పుడు రాసింది: ‘పెళ్లి గిన్నె = మూడున్నర టీ గ్లాసులు. రాత్రి ముప్పాతిక గిన్నె’. ప్రతి రోగికీ ఆమె నోట్సులో మొదటి పేజీ ఇలాంటి లెక్కలే: ఏ ఇంటి హస్తానికి ఎన్ని గ్రాముల అన్నం, ఏ ఇంటి గరిటెకి ఎంత పప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దీన్నే పెద్ద ఎత్తున చేసింది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేలకి ఇంటింటికీ వెళ్లినవాళ్లు కొలత కప్పులు వెంట తీసుకెళ్లి, నిన్న తిన్నదాన్ని ఆ కప్పుల్లో అడిగేవారు. ఏ పదార్థంలో ఏముందో చెప్పే ఆ సంస్థ పట్టికల్లో, 2017 ముద్రణలో, 528 ఆహారాలున్నాయి. కానీ కొలత ‘కొంచెం’ దగ్గరే ఆగిపోతే ఆ పట్టికలు ఎవరికీ అక్కరకి రావు.

ఆమె పేజీలో అయిదు గళ్లుంటాయి: చెప్పింది, చూసింది, నాకనిపించింది, చేయమన్నది, ఈసారి అడగాల్సింది. ఈ విడదీత ఆమె కనిపెట్టింది కాదు. లారెన్స్ వీడ్ అనే అమెరికా వైద్యుడు 1968లో రాసిన వ్యాసంతో ఈ పద్ధతి డాక్టర్ల లోకంలో పేరుకెక్కింది. రోగి చెప్పిందీ, డాక్టరు పరీక్షించి చూసిందీ, దానిపై తన తీర్పూ కలగాపులగం కాకూడదన్నది ఆయన పట్టుదల. 2003లో అక్కడి డైటీషియన్ల సంఘం తమ వృత్తికి తగ్గట్టు ఇలాంటి ప్రక్రియనే రూపొందించుకుంది. ఈమె గళ్లకి తెలుగు పేర్లు పెట్టుకుంది, అంతే. అయినా ఆ పేర్ల మూలంగా రాత మారిందని నాకనిపించింది. ‘చెప్పింది’ అని గడి ఉన్నప్పుడు ఎవరు చెప్పారన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

వీడియో దాచుకుంటే సరిపోదా అని అడిగాను. "ముప్పావుగంట వీడియో ఏ డాక్టరు చూస్తారండీ? ఆయనకి అరపేజీ కావాలి. పైగా వంటింట్లో ఆడవాళ్లు ఎలా ఉంటే అలాగే కనిపిస్తారు. అదంతా నా కంప్యూటర్లో పెట్టుకునే హక్కు నాకెక్కడిది?" అంది. కాల్ అయిన పావుగంటలో రాయకపోతే ఆ తర్వాత రాసేదాంట్లో తన ఊహే ఎక్కువుంటుందని కూడా అంది. అందుకే కాల్‌కీ కాల్‌కీ మధ్య పావుగంట ఖాళీ పెట్టుకుంటుంది. ఆ ఖాళీకి ఎవరూ డబ్బులివ్వరు.

మూడో కాల్ దివిసీమ నుంచి. మామ్మగారికి బీపీ ఉంది, కిడ్నీల పనితీరు కాస్త తగ్గింది. కొడుకు అమెరికాలో. కాల్ కలిపిందీ, ఫీజు కడుతున్నదీ అతనే. ఇది మూడో సెషన్. అడిగినవాటికన్నిటికీ అతనే జవాబు చెబుతున్నాడు. "అమ్మ ఉప్పు పూర్తిగా తగ్గించేసిందండీ."

"మీరు చెప్పింది రాసుకున్నానండీ. ఇప్పుడు మామ్మగారు చెప్పేది వింటాను." పేజీలో మొదటి గడి మధ్యగా నిలువు గీత గీసింది. ఒకవైపు ‘కొడుకు’, రెండోవైపు ‘మామ్మగారు’.

మామ్మగారు మాట్లాడుతుండగా డైటీషియన్ తెరకి దగ్గరగా వంగింది. "మామ్మగారూ, మీ వెనక గూట్లో ఆ తెల్ల ప్యాకెట్ ఏంటండీ?"

"ఉప్పమ్మా. అబ్బాయి ఆన్‌లైన్లో పంపించాడు. బీపీవాళ్లు వాడే ఉప్పంట. నువ్వు ఉప్పు తగ్గించమన్నావుగా, ఇదైతే ఎంతేసుకున్నా ఫరవాలేదంట."

ప్యాకెట్ వెనక అక్షరాలు తెరకి దగ్గరగా పెట్టించి చదివింది. సోడియం తగ్గించిన ఉప్పులో సోడియం క్లోరైడు కొంత తీసి దాని బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకి అది మేలే. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. ఆమె కంగారు మొహంలో కనపడనివ్వకుండా, ఆ ప్యాకెట్ ఇవాళ్టినుంచి వద్దని చెప్పి, కాల్ అవగానే మామ్మగారి డాక్టరుకి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా రక్తపరీక్ష అయింది. పొటాషియం కాస్త ఎక్కువుంది, ప్రమాదం దాకా పోలేదు.

తర్వాత ఆమె మొదటి సెషన్ పేజీ తిప్పింది. ‘చేయమన్నది’ గడిలో రెండే మాటలు: ‘ఉప్పు తగ్గించాలి’. "ఇది నా తప్పండీ. ఏ ఉప్పు అని రాయలేదు. రాసే చోటుంటే అడిగేదాన్ని." ఇప్పుడు కిడ్నీ రోగులందరి మొదటి పేజీలోనూ ఒక వరుస కలిపింది: ఇంట్లో ఉన్న ఉప్పు, చూసి రాయాలి. తన తప్పు దాచకుండా పరాయివాడికి చూపించిన ఆ పేజీ దగ్గర నాకు ఆమెమీద గౌరవం పెరిగింది.

అదే కాల్ చివర్లో కొడుకు తప్పుకున్నాక మామ్మగారు గొంతు తగ్గించారు. "ఆవకాయ మానలేదమ్మా. అబ్బాయికి చెప్పకు." నోట్సు ప్రతి కొడుకుకి వెళ్తుంది. ఆమె ఆవకాయ సంగతి రాసింది, పక్కనే ‘ఇంటికి పంపే ప్రతిలో వద్దన్నారు’ అనీ రాసింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది గానీ, ఫీజు కట్టేవారు ఒకరూ ఒళ్లు ఇంకొకరిదీ అయినప్పుడు సమాచారం ఎవరిదన్న ప్రశ్న మన ఇళ్లల్లో అంతకు ముందే ఉంది. ఒళ్లు మామ్మగారిది. నోట్సూ ఆమెదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మామ్మగారు రమ్మంటే రెండు రోజుల తర్వాత వెళ్లాను. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది, ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. వరి కోతకొచ్చింది. కోతకి నాలుగు రోజుల ముందే చేలో మినుములు చల్లుతున్నారు, ఆ పదునుకే మొలుస్తాయి. ఇంటింటి అరుగుమీదా కొనుక్కొచ్చిన మంచినీళ్ల టిన్నులు. ఇక్కడ చాలా చోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే.

"మీ వయసెంతండీ మామ్మగారూ?"

"ఉప్పెనప్పుడు నాకు పందొమ్మిదో ఏడు. పెద్దవాడు కడుపులో ఉన్నాడు."

దివిసీమలో ఆ తరానికి కాలం ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19కి ముందూ తర్వాతగానే నడుస్తుంది. ఆధార్ కార్డులో ఆమె పుట్టింది ఏదో ఏడాది జనవరి 1న, అసలు వయసుకంటే అయిదేళ్లు పెద్దగా. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తపరీక్షనుంచి లెక్కగట్టే సూత్రంలో వయసు ఒక అంకె. అయిదేళ్లు తేడా వస్తే లెక్కా తేడా వస్తుంది. డైటీషియన్ పేజీలో రెండూ ఉన్నాయి: ‘ఆధార్ ప్రకారం’, ‘ఉప్పెన లెక్కన’.

బీపీ చూపించుకోవడానికి మామ్మగారు ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్తారు. గ్రామ ఆరోగ్య కేంద్రాలని ఈ-సంజీవని ద్వారా దూరంగా ఉన్న డాక్టర్లకి తెరమీద కలపడం 2019 నవంబరులో దేశంలో మొదట మొదలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. దివిసీమ మామ్మలకి తెరమీది డాక్టరు ఇప్పుడు కొత్త కాదు.

మామ్మగారి వంటింట్లో తెరకి అందనివి చాలా కనిపించాయి. మంచం కింద నాలుగు జాడీలు. దూలానికి వేలాడే సంచిలో ఎండు మెత్తళ్లు. భోజనం పెట్టి, చివర్లో మజ్జిగలో ఉప్పు చిటికెడు వేసి, ఇంకో చిటికెడు వేశారు. రోజుకి ఎన్నిసార్లు మజ్జిగ అని అడిగాను. మూడుసార్లంట. డైటీషియన్‌కి చెప్పలేదా అంటే, "మజ్జిగలో ఉప్పు కూడా ఉప్పేనా బాబూ?" అన్నారు. మొత్తం తిండిలో కలిపి రోజుకి అయిదు గ్రాములలోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఓ చిన్న చెంచా. ఈ సంగతి డైటీషియన్‌కి చెప్పమంటారా అని అడిగితే, "చెప్పు, రాయించు" అన్నారు.

చెప్పాను. ఆమె దాన్ని ‘చూసింది’ గడిలో రాయలేదు. కొత్తగా ఒక వరుస రాసింది: ‘ఇంటికి వెళ్లినవారు చెప్పింది, మజ్జిగలో ఉప్పు. మామ్మగారిని అడిగి ఖాయం చేసుకోవాలి’. నా మాటనీ మాటగానే తీసుకుంది, నిజమని తీసుకోలేదు.

చివరి కాల్ బందరు నుంచి. ఆరో నెల గర్భిణి, రక్తం తక్కువ. ‘రేషన్ బియ్యమే వండుతారు’ అని పాత నోట్సులో ఉంది. ఐరనూ, ఫోలిక్ యాసిడూ, బీ12 కలిపిన బియ్యాన్ని ప్రభుత్వ పథకాలన్నిటిలో దశలవారీగా ఇవ్వాలని 2022లో కేంద్రం నిర్ణయించింది. బియ్యప్పిండిలో ఆ పోషకాలు కలిపి గింజ ఆకారంలో ఒత్తి, నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఈ ఇంట్లో ఆ అన్నమే తింటున్నారని నోట్సు చదివినవారెవరైనా అనుకుంటారు. ఆ అమ్మాయి మాట్లాడుతూ ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

"ఏమేరుతున్నావమ్మా?"

"ప్లాస్టిక్ బియ్యమండీ. తెల్లగా వేరేగా ఉంటాయి కదా, తీసి పారేస్తున్నా."

డైటీషియన్ తిట్టలేదు. అవేమిటో, ఎవరికోసం కలిపారో చెప్పింది. పాత వరుస కింద కొత్తది రాసింది. తర్వాత, ప్రతి కాల్ చివరా చేసినట్టే, రాసింది చదివి వినిపించింది: "‘బలం గింజలు ఏరి పారేస్తున్నారు. ప్లాస్టిక్ అని అత్తగారు చెప్పారట. ఈసారి అత్తగారితో కూడా మాట్లాడాలి.’ సరిగ్గానే రాశానా?"

"అత్తయ్య కాదండీ" అంది ఆ అమ్మాయి గబగబా. "ఎదురింటి పిన్ని చెప్పింది. మా అత్తయ్య మాట తీసేయండి, ఆవిడ విందంటే బాధపడుతుంది."

డైటీషియన్ ‘అత్తగారు’ మీద అడ్డంగా ఒకే గీత గీసింది, కింది అక్షరాలు చదవడానికి వీలుగానే. పైన ‘ఎదురింటి పిన్ని’ అని రాసి, పక్కన తేదీ, టైమూ వేసి సంతకం పెట్టింది.