రాళ్ల మధ్య గోల్

4 సెప్టెంబర్ 2024, బుధవారం, కర్నూలు

తెల్లారుజామున మూడున్నరకు బస్సు దిగాను. పొద్దున్నే బడి ఉంది, అయినా కన్ను మూతపడలేదు. హైదరాబాద్ గచ్చిబౌలి నుంచి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కిటికీకి తల ఆనించుకుని అదే ఫుట్‌బాల్ ఆటను మళ్లీ మళ్లీ చూసుకుంటూ వచ్చాను. భారత్ 0, మారిషస్ 0. ప్రపంచ ర్యాంకుల్లో వాళ్లది 179, మనది 124. మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాక ఇదే మొదటి మ్యాచ్. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చిపెట్టిన మనిషి. ఆయనంటే నాకు గురి. ఆ గురితోనే సెలవు పెట్టి పోయాను.

నా పక్క సీట్లో పంక్చర్ షాపు భాయ్. షాద్‌నగర్ దాటేదాకా నోరు మెదపలేదు. తర్వాత ఒక్కసారిగా, "సార్, బాల్ మనోళ్ల కాడనే ఉండె కదా! గోల్ ఏంటికి పడలే?" అన్నాడు. జడ్చర్లలో టీ తాగేటప్పుడు జవాబు కూడా ఆయనే చెప్పాడు. "ఐఎస్‌ఎల్‌లో ఏ టీమన్నా సూడు సార్. నడిమిట్ల నిలబడి గోల్ కొట్టే పని ఫారినోడిది. మనోడు సైడ్‌లో ఉరికి ఉరికి బాల్ అందించేటోడు. ఏడాదంతా అందించినోన్ని తెచ్చి, ఇండియాకు నువ్వే గోల్ కొట్టప్పా అంటే వాడు యాడ కొడతాడు?"

కాదనలేకపోయాను. మనం గెలిచిన ఆ కప్పు సంగతే చూసినా, ఆ సీజన్‌లో 18 గోల్స్ ఒగ్బెచేవి. నైజీరియా వాడు. ఆ గోల్స్ పడినప్పుడల్లా మేమిద్దరం భాయ్ షాపులో గంతులేసినవాళ్లమే.

10 సెప్టెంబర్, మంగళవారం

రాత్రి సిరియా చేతిలో 0-3. ఈసారి పోలేదు, ఫోన్‌లో చూశాను. రాయడానికి చేయి రావడం లేదు.

19 నవంబర్, మంగళవారం

గచ్చిబౌలిలోనే మలేషియాతో 1-1. గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకొచ్చి బంతి అందుకోలేకపోయాడు, వాళ్ల పావులో జోసువె ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. 39వ నిమిషంలో బ్రాండన్ కార్నర్‌కు రాహుల్ బేకే తల పెట్టి సమం చేశాడు. మన టీ బంకులో అందరూ గుర్‌ప్రీత్‌నే తిడుతున్నారు. నాకు ఆ కోపం అర్థమవుతుంది గానీ, రోగం అక్కడ లేదు.

ఈ ఏడాది లెక్క ఇక్కడే వేసి పెడుతున్నాను. జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా: మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు. ఆఫ్ఘనిస్తాన్‌తో అభాలో 0-0. గౌహతిలో 1-2, ఆ ఒక్కటీ కెప్టెన్ ఛెత్రీ పెనాల్టీ. కువైట్‌తో 0-0, అదే ఛెత్రీ ఆఖరి మ్యాచ్. ఖతార్‌తో 1-2, గోల్ ఛాంగ్తేది. మారిషస్‌తో 0. సిరియాతో 0. వియత్నాంతో 1-1, ఫారూఖ్ చౌదరి. నిన్నటిది బేకే. మొత్తం 11 మ్యాచ్‌లు, 4 గోల్స్, గెలుపు ఒక్కటీ లేదు. నాలుగింటిలో ఒకటి పెనాల్టీ, ఒకటి డిఫెండర్ హెడర్. నడుస్తున్న ఆటలోంచి మన ముందువరుస కాలికి పడినవి రెండంటే రెండే.

భాయ్‌కి చూపించాను. వేళ్లతో మళ్లీ లెక్కపెట్టుకుని, ఏమీ అనకుండా ట్యూబు నీళ్లతొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ కూర్చున్నాడు.

1 జనవరి 2025, బుధవారం

రాత్రి అందరూ కేకు కోస్తుంటే నేను ఫోన్ పట్టుకుని రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఫైనల్ చూశాను. అదీ గచ్చిబౌలిలోనే. బెంగాల్ 1, కేరళ 0. ఆట ముగిశాక కలిపిన అదనపు నిమిషాల్లో రబీ హన్సదా కొట్టాడు. టోర్నీ మొత్తం మీద అతనికి 12 గోల్స్. ఎక్కడా తొందర లేదు. బంతి కాళ్ల దగ్గరికి రాకముందే గోలీ ఎటు ఒరిగాడో చూసుకునే చూపు అతనిది. కాబట్టి దేశంలో గోల్ కొట్టేవాడే లేడనే మాట నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్ ఈ ట్రోఫీ గెలిచింది ఒక్కసారే, 1965-66లో. అది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

16 జనవరి, గురువారం, కడప

పండక్కి అక్క వాళ్లింటికి వచ్చాము. మధ్యాహ్నం సంగటి తిని మిద్దె ఎక్కి కూర్చున్నాం. బావ కాలేజీ రోజుల్లో మిడ్‌ఫీల్డర్, అందుకే ఆయన చూపంతా మైదానం మధ్యభాగం మీదే. భాయ్ వాదన చెప్పేసరికి తల అడ్డంగా ఊపి, ఉడకబెట్టిన శెనక్కాయల తట్ట ముందుకు లాక్కున్నాడు. నాలుగు కాయలు వరసగా పెట్టి, వాటి మధ్యన ఒక కాయ పెట్టాడు. "వీడు మన సెంటర్ ఫార్వర్డు బామ్మర్దీ. వాళ్లు నలుగురు. మన తర్వాతోడు ఇదో, ఈడుండాడు." ఇంకో కాయను తట్ట ఇవతలి అంచున పెట్టాడు. "ఈ సందులో ఎవుడున్నాడు సెప్పు? సైడ్ నుంచి క్రాస్ వస్తాది, నలుగురి మధ్యన వీడొక్కడే ఎగరాల. పడితే పడె, లేకుంటే లేదు. ఏ ఫారినోన్ని తెచ్చినా ఈడ ఒంటరిగా నిలబెడితే వాడూ ఇంతే."

"మరి ఒగ్బెచే?"

"వాని ఎనకాల బాల్ ఇచ్చేటోళ్లు ఉండిరి."

మాటా మాటా పెరిగింది. అక్క వచ్చి కేకలేసేదాకా తగ్గలేదు.

మామ, అంటే బావ వాళ్ల నాయన, అంతసేపూ మంచం మీద పడుకుని వింటూనే ఉన్నాడట. ఎనభై దాటాయి. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో ఆటలు చూసినవాడు. లేచి కూర్చుని రహీం సాబ్ పేరెత్తాడు. అప్పటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పిల్లల కోసం రకరకాల పోటీలు పెట్టేవాడట: ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలితే, డిఫెండరైన ఆయన్ను సెమీఫైనల్‌కు, ఫైనల్‌కు ముందువరుసలో దింపాడు. రెండింటిలోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. పీకే, చునీ, మన సికింద్రాబాద్ బలరాం ఉన్న జట్టు అది. ఆ మరుసటి ఏడాదే జూన్ 11న రహీం సాబ్ పోయాడు.

"గోల్ కొట్టేటోడు పుట్టడు నాయనా, చేసుకోవాల. చిన్నప్పుడే కాలికి నేర్పకుంటే, పెద్దయినాక కోచ్ వచ్చి ఏం జేస్తాడు?" అన్నాడు మామ. ఇద్దరం గమ్మునైపోయాం.

22 ఫిబ్రవరి, శనివారం, కర్నూలు

మామ మాట నెల రోజులుగా నన్ను తొలుస్తూనే ఉంది. బడి గ్రౌండ్‌లో ఈ రోజు ఎడమకాలి పోటీ పెట్టాను. కుడికాలు తగిలితే ఫౌల్. మొదటి పావుగంట ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ నవ్వులే నవ్వులు. తర్వాత నవ్వులు తగ్గి, పాదం ఎలా తిప్పాలో చూసుకోవడం మొదలుపెట్టారు.

మాది ఎర్రనేల. మాఘం దాటితే రాయిలా గట్టిపడుతుంది. బంతి అనుకున్నచోట పడదు, గులకరాయికి తగిలి మోకాలి ఎత్తు లేస్తుంది. గట్టు దాటిందంటే సీమతుమ్మ ముల్లు తయారుగా ఉంటుంది. ఈ నెలలో రెండు బ్లాడర్లు పోయాయి, రెండూ భాయ్ దగ్గరే అతుకు వేయించాను. ఇలాంటి నేల మీద బంతిని ఆపి చూసుకునే తీరిక పిల్లలకు లేదు. కాలికి అందగానే బలంకొద్దీ తన్నేస్తారు. నేను వాళ్ల వయసులో చేసిందీ అదే. గోల్ ముందు తొందర వాళ్లకు ఎక్కడిదో ఈ రోజు కళ్లారా చూశాను. భాయ్ చెప్పిందీ నిజమే, బావ చెప్పిందీ నిజమే. కానీ ఆ రెండూ ఇరవై ఏళ్లు దాటాక వచ్చే కష్టాలు. వాటికన్నా ముందటి కష్టం పదేళ్లకే ఈ నేల మీద మొదలైపోతోంది.

20 మార్చి, గురువారం

షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0. 489 రోజుల తర్వాత గెలుపు. బేకే, లిస్టన్, ఛెత్రీ. నలభై ఏళ్ల ఛెత్రీని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిపించుకున్నాం, వచ్చీరాగానే తలతో కొట్టాడు. అది అతని 95వ గోల్. సంతోషంతో భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన గొంతులోనూ సంతోషమే. పెట్టేసేముందు మాత్రం, "ఈ సీజన్‌ల ఐఎస్‌ఎల్‌ల మనోళ్లలో ఎక్కువ గోల్స్ గూడ ఛెత్రీవే కద సార్," అన్నాడు. అవును. తర్వాత నిద్రపోయేదాకా ఆ మాటే.

26 మార్చి, బుధవారం

నిన్న బంగ్లాదేశ్‌తో 0-0. మొదటి నిమిషం నుంచీ మన గోలీ తప్పులు చేశాడు, వాళ్లు ఒక్కటీ గోల్ చేసుకోలేకపోయారు. మనవాళ్లకూ గోల్ పడలేదు. బావ ఫోన్ చేసి "శెనక్కాయలు గుర్తుండాయా" అన్నాడు. నేను వాదించలేదు.

ఒంటిపూట బడులు. ఎండ ముదరకముందే పిల్లలను గ్రౌండ్‌కు తీసుకుపోయాను. ఎనిమిదో తరగతి పిల్లోడు ఒకడున్నాడు, గొర్లు కాసే ఇంటివాడు, చెప్పుల్లేకుండానే ఆడతాడు. ఫిబ్రవరిలో ఎడమకాలితో తన్నబోయి వెల్లకిలా పడినవాడు. ఈ రోజు బంతి రాయికి తగిలి లేచింది. వాడు తన్నలేదు. తొడతో మెత్తగా కిందికి దించుకున్నాడు, ఒకసారి తలెత్తి చూశాడు, ఎడమ పాదం లోపలివైపుతో నెట్టాడు. గోలీ పిల్లోడు అటువైపు ఒరిగే ఉన్నాడు, బంతి ఇటు పోయింది. నేను విజిల్ వేయడం కూడా మరిచిపోయాను.

గోల్ అంటే మాకు రెండు రాళ్లు. దాంతో గొడవ మొదలైంది. గోలీ, "సార్, పైనుంచి పాయ, గోల్ కాదు" అంటాడు. వీడు "కిందనే పాయ సార్, మీరు సూడలేదా?" అంటాడు. బంతి మోకాలి ఎత్తునే పోయిందని నాకు తెలుసు. కానీ రెండు రాళ్ల పైన ఏమీ లేనప్పుడు ఎంత ఎత్తున తన్నినా వాళ్లకు గోలే, ఎంత కింద తన్నినా తగాదానే. ఇన్నేళ్లు ఈ గ్రౌండ్‌లో విజిల్ ఊదుతూ ఈ సంగతి పట్టించుకోనందుకు సిగ్గేసింది.

రేపు తేవాల్సినవి: వెదురుబొంగులు నాలుగు, గట్టివి. నులక తాడు రెండు చుట్టలు. రాయికీ రాయికీ మధ్య 24 అడుగులు, తాడు ఎత్తు 8 అడుగులు. పాత దోమతెర ఉంటే ఇవ్వమని ఇంట్లో అడగాలి.