నోరు తెరవని ప్రార్థన

మా ఇంట్లో ప్రార్థన అంటే మాటలు. దేవరుప్పులలో మా అమ్మ తెల్లారి నాలుగింటికి మోకరించిందంటే పక్కింటివాళ్ళకి అలారం అక్కర్లేదు. పొలం, గేదెలు, చుట్టాలు, నా ప్రాజెక్టు, నా మేనేజరు (పేరుతో సహా), అందరూ ఆ లిస్టులో ఉంటారు. మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఇదే పద్ధతి. గుడ్ ఫ్రైడే వస్తే సిలువ మీద పలికిన ఏడు మాటల మీదే మధ్యాహ్నమంతా ప్రసంగాలు. ఎవరైనా మౌనంగా కూర్చుంటే కునుకు తీస్తున్నాడనుకుంటారు.

అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, బాపు పోయాక ఒక్క మాట కూడా రాలేదు నాకు. అప్పుడు కాలిఫోర్నియాలో ఉన్నాను. వీసా కాగితాలు మధ్యలో ఉన్నాయి. సమాధి కార్యక్రమం ఫోన్లో చూశాను. అందరూ పెట్టె వెనక నడుస్తున్నారు, నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత ఎప్పుడు కళ్ళు మూసుకున్నా "ప్రభువా" దగ్గరే ఆగిపోయేది.

శాన్ ఫ్రాన్సిస్కోలో గ్రేస్ కెథెడ్రల్ అని పెద్ద చర్చి ఉంది. ఎపిస్కోపల్ వాళ్ళది, అంటే మన సి.ఎస్.ఐ. వాళ్ళకి చుట్టాలే. దాని బయట ఆవరణలో నేల మీద ఒక గుండ్రటి బొమ్మ ఉంటుంది. లాబరింత్ అంటారు. జనం వచ్చి నోరు మెదపకుండా ఆ గీతల మధ్య మెల్లగా నడిచి నడుమకి వెళ్తారు, కాసేపు నిలబడతారు, మళ్ళీ అదే దారిలో బయటికి వస్తారు. అంతే. పాట లేదు, ప్రసంగం లేదు, కానుకల సంచీ కూడా లేదు :)

మనవాళ్ళు దీన్ని పద్మవ్యూహం అనేస్తారు. హళేబీడు హొయసళేశ్వరాలయంలో అభిమన్యుడి శిల్పం చూసినవాళ్ళకి పోలిక వెంటనే తెలుస్తుంది. కానీ అభిమన్యుడి కష్టం ఇక్కడ లేదు. దారి తప్పించే మేజ్ వేరు, లాబరింత్ వేరు. ఇందులో ఉండేది ఒకటే దారి. మన భాషలో చెప్పాలంటే ఒక్క ఇఫ్-ఎల్స్ కూడా లేని కోడ్. కుడికా ఎడమకా అని ఆలోచించే పని లేదు కాబట్టి, రోజంతా నిర్ణయాలతో వాచిపోయిన బుర్ర మెల్లగా చేతులెత్తేస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే, మొదట్లోనే నడుమ దాకా వచ్చేసినట్టుంటుంది, తీరా చూస్తే దారి మనల్ని తీసుకెళ్ళి బయటి అంచున పడేస్తుంది. అక్కడ, ఆ బయటి అంచున, నాకు ఏడుపొచ్చింది. మాటలు మాత్రం రాలేదు. అక్కడ వాటిని అడిగినవాళ్ళూ లేరు.

దీని మూలం ఫ్రాన్సులోని షార్త్ర్ కెథెడ్రల్. 13వ శతాబ్దం మొదట్లో నేలలో పరిచింది, అడ్డంగా దాదాపు 13 మీటర్లు, పదకొండు చుట్లు, దారి పొడవు 260 మీటర్ల పైనే. యెరూషలేము యాత్రకి పోలేనివాళ్ళు దీని మీద నడిచేవారని అందరూ రాసేస్తారు గానీ, దానికి ఆ కాలపు ఆధారం దొరకలేదు. ఒసేర్ అనే ఊళ్ళో అయితే గురువులు ఈస్టరు నాడు లాబరింత్ మీద బంతి విసురుకుంటూ నాట్యం చేసేవారు, 1538లో ఆపించేశారు. ఇప్పుడు మనం చూసే నడక ప్రార్థన ఎక్కువగా 1991 తర్వాతిది. ఆ ఏడు లారెన్ ఆర్ట్రెస్ అనే గురువమ్మ షార్త్ర్‌లో కుర్చీలు పక్కకి జరిపి నడిచి, తిరిగొచ్చాక గ్రేస్ కెథెడ్రల్లో గుడ్డ మీద ఆ బొమ్మ వేయించింది. బయటి రాతి లాబరింత్ 1995లో వచ్చింది. అందువల్ల దీని విలువ తగ్గిందని నేననుకోను. పాతదైతేనే పవిత్రం అనుకుంటే మన క్రీస్తు కీర్తనలు కూడా ఒకప్పుడు కొత్తవేగా.

ఇది అన్యుల ఆచారమని తిట్టే క్రైస్తవులు చాలామందే ఉన్నారు. బొమ్మ క్రీస్తుకంటే పాతదన్నది నిజమే, గ్రీసులోని పైలోస్‌లో దొరికిన మట్టిపలక మీదున్నది క్రీ.పూ. 1200 నాటిది. అలా చూస్తే సిలువ కూడా మొదట రోమా వాళ్ళ ఉరికొయ్యే కదా?

నాకు అసలు భయం మాత్రం మా అమ్మ దగ్గర. దేశానికి తిరిగొచ్చేశాక ఒకసారి ఊరెళ్ళినప్పుడు, వాకిట్లో ముగ్గుపిండితో పాత రకం, ఏడు చుట్లది వేశాను. మొదట ఒక సిలువ గీయాలి, నాలుగు సందుల్లో నాలుగు మూలలు, నాలుగు చుక్కలు. తర్వాత సిలువ తలని పక్క కొసతో కలుపుతూ ఒకదాని మీద ఒకటి ఎనిమిది విల్లులు. దారి మూరెడు వెడల్పు పెడితే అడ్డంగా పదిహేను, పదహారు మూరలు వస్తుంది.

అమ్మ చీపురు పట్టుకునే వచ్చింది. "ఏంద్రా, ముగ్గేస్తున్నవా? బాప్తిస్మం తీస్కున్నంక మనింట్ల ముగ్గు లేదు గద."

ముగ్గు కాదమ్మా, ప్రార్థన అన్నాను. నడిచి చూపించాను. నడుస్తుంటే చూస్తూ నిలబడింది. చాలాసేపయ్యాక, "యెరికో సుట్టు గిట్లనే తిరిగిండ్రు గద. నోరు తెర్వద్దన్నడు యెహోషువ" అంది.

నేను ఎంత చదివినా నాకు తట్టని ముక్క అది! యెరికోని సరిగ్గా ఇలాంటి ఏడు గోడల బొమ్మగా గీసిన పాత చేతిరాత ప్రతులు లాటిన్‌లో, హీబ్రూలో, సిరియాక్‌లో ఉన్నాయి. అమ్మ వాటిని చూడలేదు, యెహోషువ గ్రంథం చూసింది.

చీపురు గోడకానించి లోపలికి నడిచింది. మోకాళ్ళ నొప్పులు, పావుగంట పైనే పట్టింది. నాకు తెలిసి అమ్మ మేలుకొని ఉండగా అంతసేపు మౌనంగా ఉండటం అదే మొదటిసారి. బయటికొచ్చాక అరుగు మీద కూర్చుని, "మీ బాపును తీస్కపోయిన్నాడు గిట్లనే నడ్సిన. ఏం ప్రార్థన జేసిన్నో యాదికి లేదు" అంది. నేను ఆ రోజు ఫోన్లో చూసిన సంగతి అమ్మ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం చాయ్ తాగాం.

సాయంత్రం వానకి బొమ్మంతా కొట్టుకుపోయింది. ఇటలీలో లూకా కెథెడ్రల్ గుమ్మం పక్కన స్తంభం మీద వేలితో నడిచే చిన్న లాబరింత్ చెక్కి ఉంది. అమ్మ మోకాళ్ళకి అలాంటిదే నయమని, జనగామలో వడ్రంగితో ఒక టేకు పలక మీద చెక్కించాలనుకుంటున్నాను. అమ్మ మాత్రం వాకిట్లోనే ఇటుక ముక్కలతో వెయ్యమంటోంది, పాస్టరు గారు ఏమన్నా సరే తను చూసుకుంటుందట.