ముసురులోనే ఇల్లు చూడాలి

ఇల్లు చూపించేవాళ్ళు ఎండ కాసే రోజునే రమ్మంటారు. మీరు ఒప్పుకోకండి. అద్దెకైనా, కొనడానికైనా ఇల్లు చూడాల్సింది ముసురు పట్టిన రోజున, లేదంటే గట్టి వాన వెలిసిన మర్నాడు. గోడల్లో దాక్కున్న చెమ్మ అప్పుడే బయటపడుతుంది. నాలుగు ఇళ్ళు చూసి, వాటిలో ఉండేవాళ్ళ అవస్థలు విన్నాక ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

తాళం తీశాక వెంటనే కిటికీలు తెరవనివ్వకండి. ముందు ముక్కుకి పని చెప్పండి. ముక్కిపోయిన బియ్యం సంచీ విప్పినప్పటి వాసన వచ్చిందా? అయితే కంటికి ఏమీ కనబడకపోయినా బూజు ఎక్కడో ఉందన్నమాటే. సింకు కింద అర తలుపు తీయండి. బాత్రూము గోడకి ఆనించి పడకగదిలో చెక్క అల్మారా ఉంటే, దాని లోపలికి తలపెట్టి చూడండి. నల్లటి చుక్కలు మొదట కనిపించేది అక్కడే.

తర్వాత గోడలు. నేల నుంచి నడుము ఎత్తు దాకా అరచేత్తో తడమండి. రంగు ఉబ్బిందా? గోరు తగిలితే పెచ్చులు రాలుతున్నాయా? తెల్లటి ఉప్పు పొడి తేలిందా? నేలలోని నీరు ఇటుకల్లోని సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. గాలి తగిలి నీరు ఆరిపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు గోడ మీద మిగిలిపోతుంది. ఈ పాకుడు ఆపడానికే పునాది పైన, గోడ మొదలయ్యే చోట డీపీసీ అని ఒక పొర వేస్తారు. చాలా పాత ఇళ్ళకి అది ఉండదు. ఉన్న ఇళ్ళల్లోనూ ఓ చిక్కుంది. వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే, ఇంటి చుట్టూ మట్టి ఎత్తు పెరిగితే, ఆ పొర కాస్తా నేలమట్టం కిందికి పోతుంది. అందుకని ఇంట్లోకి వెళ్ళేముందు బయట నిలబడి గడప ఎత్తు, రోడ్డు ఎత్తు పోల్చి చూడండి.

మచ్చ ఎక్కడుందో చూస్తే నీరు ఎటునుంచి వస్తోందో సగం తెలిసిపోతుంది. గోడ అడుగున బారుగా ఉంటే నేల చెమ్మ. స్లాబు మూలల్లో ఉంటే పైన డాబా, పిట్టగోడ కలిసే చోట బీట. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా ఒకేచోట తడిగా ఉంటే గోడలో పైపు. అనుమానం తీరకపోతే వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్క ఒకటి మచ్చ మీద పెట్టి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. గదివైపు తడి పట్టిందా, గదిలో గాలిలోనే తేమ ఎక్కువ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇది మామూలే. గోడవైపు తడి ఉంటే మాత్రం నీరు గోడలోంచే వస్తోంది.

ఇప్పుడు చెమ్మ కొలిచే మీటర్లు పట్టుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. మంచిదే. కానీ సూదుల మీటరు చూసేది గోడలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నదే. గోడలో ఉప్పు ఉంటే పొడిగా ఉన్నా తడి అని చూపించగలదు. థర్మల్ కెమెరా చల్లదనాన్ని చూపిస్తుంది, నీటిని కాదు. యంత్రం చెప్పినదాన్ని చేత్తో, కంటితో ఇంకోసారి సరిచూశాకే గోడ పగలగొట్టించండి.

అపార్టుమెంట్లలో పెద్ద తగువు పై ఇంటి బాత్రూముది. మాటా మాటా అనుకోకముందే ఓ పని చేయండి. పైవాళ్ళని అడిగి, నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్ మూతి బిగించి, నేల మీద అంగుళం ఎత్తు రంగునీళ్ళు నింపి ఒక రోజు ఉంచండి. కింద స్లాబులో రంగు దిగితే లోపం నేలలో ఉంది. దిగకపోతే అప్పుడు పైపుల సంగతి చూడాలి. రుజువు కళ్ళముందుంటే ఇరుగుపొరుగు మధ్య మాట తూలదు, ఖర్చు పంచుకోవడమూ తేలికవుతుంది.

అన్నిటికన్నా నాకు దిగులు పుట్టించేది వరద చూసిన ఇళ్ళు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అలా నానిన ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ రంగు కొట్టేస్తే లోపలి నీటికి బయటికి పోయే దారి మూసేసినట్టే. అలాంటి చోట కొత్త రంగు చూసి మురిసిపోకండి. తలుపుల అడుగు చెక్క ఉబ్బిందేమో, స్విచ్చుబోర్డుల వెనక మట్టి చారలున్నాయేమో చూడండి. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పక్కింటివాళ్ళని అడగండి, వాళ్ళు దాచరు.

ఇంత వెతుకులాట ఎందుకంటారా? చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఒక పుస్తకమంత మార్గదర్శకాల్లో చెప్పింది. బూజుని పొడిగుడ్డతో దులిపితే దాని విత్తులు గదంతా ఎగురుతాయి. మాస్కు కట్టుకుని, సబ్బునీళ్ళతో తడిపి తుడవాలి. అయినా తుడవడం చివరి పని. నీటి దారి మూయకుండా తుడిస్తే పై వానకి మళ్ళీ మొలుస్తుంది. ముందు పైపో, డాబానో, గోడ అడుగో బాగుచేయించండి. తర్వాత గోడ ఆరనివ్వండి. ఆ తర్వాతే రంగు. ఈ వరస తప్పొద్దు. చెమ్మ పట్టింది పిల్లలు పడుకునే గదికైతే పండగ దాకా, జీతం పెరిగేదాకా ఆగకండి. ఈ రాత్రికే వాళ్ళ మంచం వేరే గదిలో వేసి, రేపు మేస్త్రీని పిలవండి.